గడప దాటిన రాజు

1988, బుధవారం రాత్రి

వేటకుక్క రాజు వచ్చి తొమ్మిది రోజులైంది. ముసలిదైపోయి కుందేళ్ల వెనక ఉరకలేకపోతోందని తమ్ముడు నడిగూడెం నుంచి తెచ్చి వదిలాడు. "నువ్వు సాకకుంటే అక్కడోళ్లు మందు పెట్టి ఖతం చేస్తరక్కా" అన్నాడు. ఇన్ని రోజులూ అది గడప దాటి లోపలికి రాలేదు. నేనూ పిలవలేదు. మా కొడుకు శీను చనిపోయాక ఎవరినీ పిలవబుద్ధి కావడం లేదు.

ఈ సాయంత్రం పక్కింటి యాదమ్మ అరుస్తూ వచ్చింది. "వదినా, నీ కుక్క నా కోడిని నోట కరుసుకున్నది! ఇయ్యాల కోడి, రేపు ఉరికే నా మనుమరాలు!"

అంతలోనే రాజు గడప దాటి వచ్చి, కోడిని నా కాళ్ల దగ్గర పెట్టి కూర్చుంది. కోడి రెక్కలు దులుపుకుని లేచింది. ఒక్క గాటు లేదు. వేటలో పట్టినదాన్ని యజమాని ముందు పెట్టడం దానికి నేర్పిన పని. నేనే యజమానినని దానికి ఎవరు చెప్పారో.

"పానంతోనే ఉన్నది గద, తీస్కపో" అన్నాను.

"పొద్దుగాల మా ఆయనను తోల్కొస్త. ఈ కుక్కను పంపుతవో లేదో ఆయనకే చెప్పు" అని వెళ్లిపోయింది.

యాదమ్మ భయం అబద్ధం కాదు. ఆ పిల్ల ఒక్కచోట నిలవదు. ఏం చెప్పాలో...

శీను కూడా ఏది తెచ్చినా ముందు నా దగ్గరే పెట్టేవాడు.

రాజు లోపలే పడుకుంది. బయటికి పొమ్మనడానికి నాకు నోరు రాలేదు.