నీళ్లు ముట్టని ఏకాదశి

ఇబ్రహీంపట్నం

జగదీశ్వరన్నా,

దేవుడి దయతో తిండికి లోటు లేదు, నా బిడ్డ సాయిశ్రీకే మనసు బాగాలేదు. కాలేజీలో అది చేసే కిడ్నీ జబ్బుల పరిశోధనకు వాడకట్టు ఆడవాళ్ల రక్తం పరగడుపున కావాలంటే, నేనే పోయిన ఏకాదశినాడు అందరినీ పిలిచాను. ఉపవాసమని ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఒంట్లో నీళ్లు తగ్గితే పరీక్ష తప్పుగా వస్తుందట. దాని పరిశోధన చూసే పెద్దసారు రక్తం సీసాలన్నీ పారబోయించి, "గింత గూడ తెల్వదా? ఇంటికి పోయి వంట నేర్సుకో" అన్నాడట. ఏడాదిగా ఆయన తుక్కుగూడ ప్లాట్ల బేరాల చుట్టూ తిరిగాడే గానీ, ఒక్కనాడూ పక్కన నిలబడి దానికి నేర్పలేదు. తప్పు నాది, మాట పడింది అది.

"అమ్మా, నేనిగ పోను" అంటోంది. నీ మాట వింటుంది, ఆదివారం రా. చింతపండు తే. వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? పిల్లలకు దీవెనలు.

నిన్నటి ఏకాదశికి నేను నీళ్లు తాగాను. దేవుడు ఒక్క మాటా అనలేదు.

నీ చెల్లెలు భూలక్ష్మి