ఎర్ర వెలుగులో ఇసుక మేటలు

మార్చి 3, మంగళవారం

ఫెయిలయ్యాను. రాత్రి లాంచీ నడిపే పరీక్షలో. చుక్కాని తిప్పడం రాక కాదు. మధ్యలో మ్యాపు చూద్దామని క్యాబిన్ లైటు వేశాను, అంతే. ఆర్పాక చూస్తే అద్దం అవతల నది లేదు, నల్లటి గోడ ఉంది. కళ్ళు చీకటికి మళ్ళీ అలవాటు పడేలోపే లాంచీ మెత్తగా ఇసుక మేటెక్కి కూర్చుంది. ఇన్‌స్పెక్టరు మేడం కాగితం మీద అడ్డగీత కొట్టి దిగిపోయింది. తిట్టినా బాగుండేది.

నెలాఖరుకి ఇంకో ఛాన్సు ఉంది. ఈ లాంచీ నడిపే సరంగు మా మావయ్య. ఆయనకి రాత్రిళ్ళు చూపు ఆనడం లేదు, రాత్రి ట్రిప్పు మానేయమని కళ్ళ డాక్టరు చెప్పేశాడు. నేను పాసైతే ఆ ట్రిప్పు నాది. లేకపోతే బయటి మనిషిని తెచ్చుకుంటానని ఓనరు మొహం మీదే అన్నాడు. మావయ్య ఇన్నేళ్ళు పట్టిన చుక్కాని ఎవడో వచ్చి పట్టుకుంటాడా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు.

మార్చి 4

మరి నువ్వు రాత్రిళ్ళు మ్యాపు ఎలా చూసేవాడివి అని మావయ్యని నిలదీశాను. నాకు మ్యాపెందుకే, నది నా కడుపులో ఉంది అన్నాడు. నా కడుపులో లేదుగా! కాస్త బతిమాలితే దిగొచ్చాడు. మసక ఎర్ర దీపమైతే చీకటికి అలవాటైన కళ్ళు చెడవట. ఆయన కుర్రతనంలో పెద్ద స్టీమర్లలో ఉండేదట. చిటికెడు వెలుగు చాలు, దోసెడు వద్దన్నాడు.

మార్చి 6

టార్చికి గిఫ్టు ప్యాకింగ్ ఎర్ర కాగితం చుట్టి, బాత్రూంలో లైటార్పి కూర్చున్నాను. ఎరుపెక్కడ, గులాబీ రంగు. ఇంకో పొర చుట్టాను. అంచుల్లోంచి తెల్ల వెలుగు కారిపోతూనే ఉంది. స్నానమా తపస్సా అని బయటినుంచి వదిన తలుపు బాదింది.

మార్చి 8

వదిన నెయిల్ పాలిష్ సీసా మొత్తం టార్చి అద్దానికి పూశాను. ఎరుపు వచ్చింది. కానీ దోసెడు. తన పెళ్ళికి కూడా అంత పూసుకోలేదని వదిన గోల. కొత్త సీసా బాకీ పడ్డాను. నన్ను చూసి నాకే ఒళ్ళు మండుతోంది.

మార్చి 11, రాత్రి

వచ్చేసింది! వచ్చేసింది!

వీధి చివరి ఎలక్ట్రీషియన్ దగ్గర పాడైపోయిన స్టెబిలైజర్లు గుట్టగా పడి ఉంటాయి. వాటిలోంచి చిన్న ఎర్ర ఎల్ఈడీలు పీకి ఇచ్చాడు. మొదటిది రెసిస్టర్ లేకుండా బ్యాటరీకి తగిలించాను, టప్పుమని పోయింది. చదువుకున్నదానివే కదా అని ఆయన నవ్వాడు. రెండోది పద్ధతిగా టార్చిలో బిగించి, పైన నల్ల టేప్ అంటించి, వదిన కుట్టుసూదితో బెజ్జం పొడిచాను.

డాబా మీద చీకట్లో చాలాసేపు కూర్చున్నాక ఎదురింటి గోడ మీద పిల్లి కనిపించింది. అప్పుడు టార్చి వేసి, మావయ్య నా కోసం గీసిచ్చిన మ్యాపు చూశాను. గట్లు, మలుపులు, లోతు అంకెలు అన్నీ చదవగలిగాను. ఆర్పి తలెత్తాను. పిల్లి అక్కడే ఉంది! నేనరిచిన అరుపుకి అది పారిపోయింది. వదిన కంగారుగా పరుగెత్తుకొచ్చింది. పిల్లి కనబడింది వదినా అని ఆమెని వాటేసుకున్నాను. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం అంది.

మార్చి 12

ఇవాళా పిల్లి కనిపించింది. నేను గొప్పదాన్ని.

మార్చి 17

గొప్పదాన్ని కాదు.

ఖాళీ లాంచీలో మావయ్యతో ప్రాక్టీసు. టార్చి వేసి, ఆయన గీసిన మ్యాపు విప్పాను. గట్టు నుంచి గట్టు దాకా నది శుభ్రంగా ఉంది, ఒక్క మేట లేదు. ఆహా అనుకుని తిన్నగా పోనిచ్చాను. మావయ్య ఒక్క ఉదుటున చుక్కాని లాక్కున్నాడు. మేట పక్కనుంచి గీసుకుంటూ బయటపడ్డాం.

ఒడ్డుకొచ్చి ట్యూబులైటు కింద చూస్తే మేటలన్నీ మ్యాపులోనే ఉన్నాయి. ప్రమాదం కదా అని మావయ్య వాటిని ఎర్ర పెన్సిల్‌తో గీశాడు! ఎర్ర వెలుగు ఎర్ర గీతల్ని మింగేసింది. ఇంట్లో అన్నిసార్లు ఈ మ్యాపు చూసి కూడా, ఉన్నవి చదువుకుని మురిసిపోయానే తప్ప లేనివేమిటో చూడలేదు. ఏ డ్రెడ్జరూ తియ్యలేని ఇసుకని ఒక్క టార్చితో తీసేశావే అన్నాడు మావయ్య. నవ్వాడు గానీ నాకు ఏడుపొచ్చింది.

కూర్చుని ప్రతి మేటనీ నల్ల ఇంకుతో దిద్దాను.

మార్చి 30, సోమవారం

పాస్! పాస్! పాస్!

మేడం తన మ్యాపు ఇచ్చింది. మేటలు ఎర్రగానే ఉన్నాయి. ముందు వీటిని నల్లగా దిద్దుకోనివ్వండి అన్నాను. ఎందుకంది. చీకటి క్యాబిన్‌లోకి పిలిచి చూపించాను. అరె, అని నా టార్చి అడిగి తీసుకుని, తనే నాలుగుసార్లు వేసి ఆర్పింది. తరవాత నది నాకు గట్టు గట్టుగా, నీడ నీడగా కనిపిస్తూనే ఉంది. ఒక్కో మేటా మర్యాదగా పక్కకి తప్పుకుంది. రేవులో తాడు కట్టాక మేడం చెయ్యి కలిపింది. ఓనరు కూడా కలిపాడు, అదే చెయ్యి పట్టుకుని జీతం సంగతి తరవాత మాట్లాడదామన్నాడు.

ఇంత సంతోషం నేనెప్పుడూ ఎరగను.

ఏప్రిల్ 8

రాత్రి ట్రిప్పు నాదే. కానీ మావయ్య రోజూ ఎక్కుతాడు, నా వెనకే నిలబడతాడు. మలుపు వస్తే చాలు, గొంతు సవరిస్తాడు. చూపు ఆనని మనిషివి ఏం చూస్తున్నావు అంటే, గాలికి వచ్చానంటాడు. పాసైనా పాస్ కానట్టే ఉంది.

ఏప్రిల్ 19

ఇవాళ మావయ్య క్యాబిన్‌లోకి రాలేదు. టికెట్ కొనుక్కుని జనంలో కూర్చున్నాడు. పెద్ద మలుపు దాటాను. గొంతు సవరించిన చప్పుడు లేదు. భయమేసి వెనక్కి చూశాను. పక్కనున్న ఎవరో తెలియని మనిషి భుజం మీద తల వాల్చి, నోరు తెరుచుకుని, గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

రేవుకి చేరాక కూడా లేపబుద్ధి కాలేదు.