పదమూడో మూత

మంగళవారం

మావయ్యకి,

"గారు" లేదు. ఎందుకు లేదో చదివితే తెలుస్తుంది.

మరిచిపోయానా? నేనా? నిన్న క్యాంటీన్లో అరవైమంది కంచాల ముందు కూర్చుని ఉండగా, గ్లాసు బల్లమీద టక్కున పెట్టి మరీ అన్నావ్. "మా మేనల్లుడు ఒక్క మూత తీయడం మరిచాడు, దేశం పరువు సముద్రంలో కలిసింది." నేను నోరు విప్పలేదంటే ఒప్పుకున్నానని కాదు. నోట్లో ముద్ద ఉంది.

ఇప్పుడు ముద్ద లేదు, విను. రాకెట్టుకి పదమూడు కన్నాలు. దుమ్మూ తేమా పోకుండా పదమూడింటికీ ఎర్రరిబ్బను కట్టిన ఇత్తడి మూతలు. ఎగరేసేముందు అవి తీయడం ఫిట్టరుగా నా పని. లెక్కపెట్టి తీసుకోవడం స్టోరుకీపరుగా నీ పని. పోయిన బుధవారం ఆ జోరువానలో పదమూడూ తీశాను, గోనెసంచిలో వేసి నీ స్టోర్సులో పెట్టాను. తల ఎత్తకుండానే "సరే, పెట్టిపో" అన్నావ్. పెట్టిపోయాను.

మొదటి రాకెట్టు స్టాండుమీదే పేలింది. రెండోది సముద్రానికి సమర్పించాం. అప్పుడు ఎవరి మేనల్లుడు మరిచాడు? ఈ మూడోది మబ్బుల్లోకి దూరింది, అంతే. ఉపగ్రహం పైనుందో కిందుందో ఎవరికీ తెలీదు. కొండమీద వినేగదిలో వాళ్ళు ఆరు రోజులుగా చెవులు రిక్కించి కూర్చున్నా కుయ్ లేదు, కయ్ లేదు. రేడియోలో ఏమో "ఫలితం పరిశీలనలో ఉంది" అంటున్నారు. అది పరిశీలనలో ఉండగా నేనొక్కణ్ణి ఖాయం అయిపోయానా?

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాణ్ణే. కాని పదమూడు దాకా లెక్క అంతకుముందే వచ్చింది.

ఇంటికి రాను. వర్కుషాపులోనే ఉంటాను.

ఇట్లు,
ఏమీ మరిచిపోని జువ్వ

తా.క. భోజనం క్యారియరు పంపొద్దని అత్తయ్యకి చెప్పు. వద్దులే, పంపమను. గొడవ నీతో, ఆవిడతో కాదు.

*

బుధవారం

చిరంజీవి జువ్వకి మావయ్య దీవించి రాసేది. (దీవెన మీ అత్తయ్య బలవంతం మీద.)

నీ ఉత్తరం క్యారియరు అడుగుగిన్నెలో దొరికింది. ఉత్తరాలు పైగిన్నెలో పెట్టాలి. నూనె అంటింది.

రిజిస్టరు, నూట పన్నెండో పేజీ: ఇచ్చినవి పదమూడు, తిరిగి వచ్చినవి పన్నెండు. రిజిస్టరుకి నువ్వంటే కోపం లేదు, నేనంటే ప్రేమ లేదు. ఇరవయ్యారేళ్ళుగా నా స్టోర్సులోంచి ఒక్క నట్టు పక్కకి పోలేదు. పోతే ఆ నట్టుకే సిగ్గు.

శనివారం విచారణ కమిటీ వస్తోంది. ఐదుగురు పెద్దవాళ్ళు అంతదూరం నుంచి వచ్చి, కారణం దొరక్కుండా తిరిగివెళ్ళరు. అందుకని నీ తరఫున నేనే ఒక కాయితం రాసిపెట్టాను. "ఒక మూత తీయడం మరిచాను, క్షమించండి." కింద సంతకం పెట్టు. చిన్నవాడు, వానలో తడిశాడు, కంగారుపడ్డాడు అని నేను చెప్పుకుంటాను. ఉద్యోగం పోతుంది, కేసు మాత్రం ఉండదు. మీ అమ్మకి మాటిచ్చి నిన్ను తెచ్చుకున్నవాణ్ణి. నీ మంచికే చెప్తున్నాను.

ఇట్లు,
మావయ్య, స్టోర్సు

తా.క. కాయితానికి గుచ్చిన గుండుసూది స్టోర్సుది. వాడి తిరిగి పంపు.

*

బుధవారం, మధ్యాహ్నం

మావయ్యకి,

గుండుసూది ఇదిగో. రాసుకో: ఇచ్చింది ఒకటి, వచ్చింది ఒకటి.

కాయితం మాత్రం రాదు. దాన్ని నోటీసుబోర్డుకి అంటించాను. కింద నా చేత్తో "ఇది పచ్చి అబద్ధం, పదమూడూ తీశాను" అని రాసి అక్కడ పెట్టాను సంతకం. చూడు, ఎంత బాగా వచ్చిందో.

నా మంచి అంటావేంటి? ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటా, స్పానరు పట్టుకునే చెయ్యి ఎక్కడైనా బతుకుతుంది. కాని ఏ ఊరెళ్ళినా, ఏ షెడ్డులో చేరినా, "వీడేరా ఉపగ్రహాన్ని ముంచింది" అంటారు. రేపు పెళ్ళిచూపులకి వెళ్తే అమ్మాయి అంటుంది. ముసలాణ్ణయ్యాక మనవలంటారు. ఆ పేరు మొయ్యను. నాకు తెలిసిపోయిందిలే, వచ్చే ఏడు నీ రిటైర్మెంటు, రిజిస్టరు తెల్లగా ఉండాలి, అందుకని నన్ను నల్లగా చేస్తున్నావ్.

ఎలక్ట్రీషియన్ని అడిగాను. ఉపగ్రహం బ్యాటరీ పది రోజులు వస్తుందట. అంటే అది పైన బతికుంటే ఎల్లుండి శుక్రవారం దాకా పలుకుతూనే ఉంటుంది. అది చచ్చిందని ఎవరూ చూడలేదు. శవం లేకుండానే నన్ను హంతకుణ్ణి చేశారు.

ఇట్లు,
సంతకం పెట్టని వాడు

తా.క. కూర బాగుందని అత్తయ్యకి చెప్పు. నువ్వు వండలేదు కాబట్టి చెప్తున్నా.

*

గురువారం

జువ్వకి,

దీవెనలు లేవు. ఇవాళ మీ అత్తయ్య కూడా బలవంతపెట్టలేదు.

నోటీసుబోర్డు ఏ ఎత్తులో ఉంటుందో, డైరెక్టరుగారు ఎంత పొడుగో ఎప్పుడైనా చూశావా? ఆయన పై రెండు లైన్లు చదివారు. "మూత తీయడం మరిచాను, క్షమించండి." కిందున్న నీ పచ్చి అబద్ధం ఆయన కళ్ళజోడుకి అందలేదు. "కుర్రాడు నిజాయితీపరుడు" అని మెచ్చుకుని వెళ్ళారు. నీ సంతకం ఉందని ఎవరో చెబితే ఇంకా మెచ్చుకున్నారు.

ఇంతలో మీ వర్కుషాపు వాళ్ళు గుంపుగా వెళ్ళి, మూత రాకెట్టుమీద లేదు, ఆవరణలోనే ఎక్కడో ఉందని గోల చేశారు. ఆయన దానికీ సరేనన్నారు. ఆవరణలో ఉన్న మూతలన్నీ పన్నెండింటికల్లా స్టోర్సుకి అప్పగించాలని ఆర్డరు వేశారు. ఏ మూతలో రాయలేదు. దాంతో టీకెటిల్ మూతలు, సిరాబుడ్ల మూతలు, నీళ్ళడ్రమ్ముల మూతలు, టైపిస్టు కళ్ళచుక్కల సీసా మూత, అన్నీ కలిపి రెండువందల పద్నాలుగు వచ్చాయి. ఒక్కోదానికీ రసీదు రాసిచ్చాను. వేళ్ళు ముడుచుకోవడం లేదు.

పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం వేశావని సంబరపడకు. ఆ పిచ్చుక నేనే. ఇప్పటికైనా కొత్త కాయితంమీద సంతకం పెట్టు. ఈసారి గుండుసూది గుచ్చలేదు.

ఇట్లు,
మావయ్య

తా.క. ఇవాళ క్యారియరుకి మూత లేదు, అది కూడా జప్తయింది. ఈగలు వాలితే నన్ననకు. వాటిని లోపలికి రానిచ్చింది నీ నోటీసే.

*

గురువారం, మధ్యాహ్నం

మావయ్యకి,

ఈగలకి పెట్టి నేను తిన్నాను. కొత్త కాయితం వాటి కిందే వేశాను.

మెచ్చుకున్నారా? తప్పు ఒప్పుకుంటే మెచ్చుకుంటారు, నిజం చెప్తే కిందికి వంగి చూడరు. తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళు బెదిరే రోజులు పోయాయని చెప్పు మీ డైరెక్టరుగారికి. శనివారం కమిటీ ముందు నేనే నిలబడతా. పిలవకపోయినా వెళ్తా. వాళ్ళని ఒక్కటే అడుగుతా: సంచి పెట్టింది ఎన్నింటికి, లెక్కపెట్టింది ఎన్నింటికి, ఆ మధ్యలో సంచి ఎవరి కాపలాలో ఉంది? గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఎవరు భుజాలు తడుముకుంటారో చూద్దాం.

ఒకమాట చెప్పనా? పదిహేనేళ్ళప్పుడు నా చేతికి మొదటి స్పానరు ఇచ్చి నువ్వే అన్నావ్. "బిగిసిందో లేదో బిగించిన చేతికే తెలుస్తుందిరా, కాయితానికి తెలీదు." ఆ చెయ్యే ఇప్పుడు చెప్తోంది, పదమూడూ తీసిందని. ఇరవయ్యారేళ్ళ రిజిస్టరుని నమ్మావ్, నువ్వు పెంచిన చేతిని నమ్మలేదు. క్యాంటీన్లో అరవైమంది నవ్వారు చూడు, దానికి నాకేం కాలేదు. నువ్వు తలొంచుకోవడం చూశాను. అది తగిలింది.

ఇట్లు,
నీ మేనల్లుడు (ఇంకా)

తా.క. ఇవాళ పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ నాకు సెల్యూట్ కొట్టాడు. ఎందుకని అడిగితే, వెళ్ళిపోయేవాళ్ళకి కొట్టడం అలవాటన్నాడు.

*

శుక్రవారం

చిరంజీవి మేనల్లుడికి,

నా కాపలా గురించి అడుగుతానంటావా? అడుగు. జవాబు కమిటీకి ఎందుకు, నీకే ఇస్తున్నా.

ఆ రాకెట్టు బుధవారం నువ్వు తడిసిన కాకిలా వచ్చావ్. వందసార్లు చెప్పినా వినే ఓపిక నీకు ఎప్పుడూ లేదు, అందుకే లోపలికి తేకుండా సంచిని గుమ్మం పక్కన పాతసామాను పెట్టెమీద పడేసి పరిగెత్తావ్. ఆ పెట్టెమీద సామాను పెట్టకూడదని బోర్డు ఉంది. నేను నిన్ను వెనక్కి పిలవలేదు, రాకెట్టు ఎగిరే టైమని. నా కాళ్ళు వేణ్ణీళ్ళ బకెట్లో ఉన్నాయి, వానకి కీళ్ళు పట్టేశాయి. రాకెట్టు వెళ్ళిపోయాక, కాళ్ళు తుడుచుకుని, సంచి విప్పి లెక్కపెట్టాను. పన్నెండు. మూడుసార్లు లెక్కపెట్టాను. మధ్యలో ఏ దొంగా రాలేదు. నేను కుర్చీలోంచి కదల్లేదు.

నిన్ను నమ్మలేదని రాశావ్. పన్నెండు అని రాసేముందు పెన్ను పక్కన పెట్టి సంచి మళ్ళీ దులిపానురా. పదమూడని రాసేద్దామనుకున్నాను కూడా. రాయలేదు. అదొక్కటే తప్పు చేశాను అనుకుంటే అనుకో.

ఇట్లు,
మావయ్య

తా.క. మర్యాద అంటే ఏమిటో కొండమీద వినేగది ఇంజినీరుని చూసి నేర్చుకో. అదే రోజు అదే వానలో, నా కాళ్ళింకా బకెట్లో ఉండగానే, అంత పెద్దమనిషి స్వయంగా జీపు దిగి వచ్చాడు. యాంటెన్నా గొట్టం నోట్లోకి నీళ్ళు పోతున్నాయి, కాసేపు అడ్డంపెట్టడానికి పనికిరాని మూతేదైనా ఉంటే ఇస్తారా అని గుమ్మంలోనే నిలబడి అడిగాడు. పాతసామాను దగ్గర చూసుకోండి సార్ అన్నాను. తీసుకుని, దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు. పాపం, సాయంత్రమే భార్యకి పురుడని తంతి వస్తే సెలవుమీద వెళ్ళిపోయాడట, ఇంకా రాలేదు. నువ్వు సంచి పడేసినప్పుడు కనీసం "వస్తా మావయ్యా" అన్లేదు.

*

శుక్రవారం, ఒంటిగంటన్నర

మావయ్యా,

నిలబడి రాస్తున్నా, అక్షరాలు ఎగురుతుంటే సర్దుకో.

నీ తా.క. నాలుగుసార్లు చదివాను. నువ్వు ఒక్కసారైనా చదువుకున్నావా? సంచి ఎక్కడుంది? పాతసామానుమీద. ఇంజినీరుగారిని ఎక్కడ చూసుకోమన్నావ్? పాతసామాను దగ్గర. ఆయన పైన ఏముంటే అది తీసుకున్నాడు. నాచేత గుండుసూదికి లెక్క చెప్పించావు, ఆయన జీపులో వచ్చాడని చేతిలో ఏముందో కూడా చూడలేదు. బకెట్లోంచి కాలు తియ్యాల్సొస్తుందని.

ఇప్పుడు అసలు సంగతి. ఆ మూత పెట్టింది ఆయన. అది తీయాలని తెలిసింది ఆయనొక్కడికే. ఆయన సాయంత్రమే పురిటికి వెళ్ళిపోయాడు. అంటే పది రోజులుగా వినేగది యాంటెన్నా నోటికి నా ఇత్తడి మూత బిగించి ఉంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారు, రెండువందల పద్నాలుగు మూతలు పోగేశారు. ఆ ఒక్కటి ఎవడికీ కనపళ్ళేదు, ఎందుకంటే తలెత్తి చూడాలి.

మూత ఉంటే వినపడదా అంటావేమో. ఇందాక వర్కుషాపులో రేడియోని ఇనప్పెట్టెలో పెట్టి మూశాను. పాట పాడేవాడు పాడుతూనే ఉంటాడు, మనకే వినపడదు. అది పైన పిలుస్తూ ఉండి ఉంటుంది మావయ్యా. మనం చెవిలో బిరడా పెట్టుకుని, అది మూగదని కమిటీ వేశాం.

లేదా నిజంగానే సముద్రంలో ఉండొచ్చు. ఉంటే ఉండనీ, నాలుగోది కడతాం, మూతలు నేనే తీస్తాను. కాని చెవి మూసుకుని చచ్చిందనే హక్కు ఎవడికీ లేదు.

కొండమీదికి ఫోను చేశాను. ఎవరన్నారు. ఫిట్టర్నన్నాను. ఏదైనా ఉంటే రాసి పంపు, సోమవారం చూస్తామన్నారు. బ్యాటరీకి ఇవాళే ఆఖరిరోజు. అందుకని రాసి పంపట్లేదు, నేనే వెళ్తున్నా. కొండకి నీళ్ళలారీ రెండింటికి పోతుంది. స్పానరు జేబులో ఉంది. ఎక్కొద్దంటే ఎక్కుతా, దిగమంటే దిగను, మూత చేతికొచ్చేదాకా.

కమిటీకి నీ పేరు చెప్తానా అంటే, చెప్పను. నువ్వే చెప్పాలి. ముందు క్యాంటీన్లో అన్నమాట క్యాంటీన్లోనే వెనక్కి తీసుకోవాలి, అరవైమందీ ఉన్నప్పుడు, గ్లాసు అలాగే టక్కున పెట్టి. ఉపగ్రహం పలికినా సరే, పలక్కపోయినా సరే. పలికితేనే నేను పదమూడు తీసినట్టు అనుకుంటే మాత్రం

లారీ వాడు హారన్ కొడుతున్నాడు. వెళ్ళాలి.