నాలుగు ఎలుకలు, శశాంక్ సారు సంతకం

హనుమకొండలో ఒక ఫార్మసీ కాలేజీ ఎలుకల గదిలో అటెండర్‌గా పనిచేసే మజర్ అనే నేను, గౌస్ పాషా కొడుకును, వయసు ఇరవై తొమ్మిది, రాస్తున్న వీలునామా ఇది. చేతులు వణుకుతున్నాయి, కాళ్లు మాట వినడం లేదు. బుద్ధి మాత్రం సరిగ్గానే ఉంది. మా అమ్మ సాబిరాకు వచ్చిన మెదడు జబ్బే నాకూ వచ్చింది. అది ముందు ఒంటిని తిని తర్వాత బుద్ధిని తింటుంది, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఎవరి బలవంతమూ లేదు. కోపం ఉంది. కోపం ఉంటే వీలునామా చెల్లకుండా పోదని అడిగి తెలుసుకున్నాను.

1. మా షరియత్‌లో మూడో వంతుకు మించి బయటివాళ్లకు రాయకూడదు. నా సామాను మొత్తం ఒక గోనెసంచి. మూడో వంతు ఎంతో మీరే కొలుచుకోండి.

2. నాన్నకు అమ్మ ఆకుపచ్చ దుపట్టా. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఆగకుండా మెలికలు తిరిగే అమ్మ చేతులు మంచం కోడుకు కట్టింది దీనితోనే. "జర ఊకో సాబిరా, ఇజ్జత్ పోతాంది" అనేవాడివి. ఇక నీ ఇజ్జత్‌కు ఫికర్ లేదు. పెళ్లిళ్లకు పోయేటప్పుడు భుజాన వేసుకో.

3. ల్యాబ్ టెక్నీషియన్ హరికృష్ణకు నా తోలు గ్లౌజులు. ఆ నాలుగు ఎలుకలకు సూది వేసిన రోజు సిరంజిలో మందు నింపింది నువ్వు, కొలత సరిచూసింది నువ్వు. శశాంక్ సారు డోసు సంగతి అడిగితే "నాకెరుక లేదు సార్" అన్నావు. బయటికొచ్చి "నాది టెంపరరీ పోస్టని నీకెరుకే గద తమ్మీ" అన్నావు. ఇప్పుడు పర్మనెంట్ అయ్యావు అన్నా, ముబారక్. ఎలుకలు నీకంటే నయం, ఎదురుగానే కొరుకుతాయి.

4. మా పరిశోధకుడు డాక్టర్ శశాంక్ సారుకు నా మెదడు, నా కాలేయం. ఎందుకో రాయాలి.

ఈ జబ్బులో ఒళ్లు మెలికలు తిరగకుండా ఒక మందు ఇస్తారు. కాలేయం దాన్ని ఎంతసేపట్లో అరిగించి బయటికి పంపుతుందో సారు ఇరవై నాలుగు ఎలుకల మీద చూశారు. నాలుగింటి కాలేయం అరిగించలేదు. మందు రక్తంలో పేరుకుపోయి, కట్టెల్లా బిగుసుకుని మూడో రోజుకు చచ్చాయి. నాలుగూ ఒక తల్లి పిల్లలే, అంటే లోపం పుట్టుకతో వచ్చిందే. పదో తరగతి ఫెయిలైన నేను సారు పారేసిన కాగితాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి ఆ మాట చెప్పాను. "నువ్ బోన్లు కడుగు, సైన్సు నే చూస్కుంట" అన్నారు. అచ్చయిన వ్యాసంలో ఆ నాలుగూ లేవు. అటెండర్ పొరపాటున రెండింతలు ఇచ్చాడు కాబట్టి తీసేశామని రాశారు.

మరుసటి ఏడు దవాఖానలో అమ్మకు అదే మందు అందరికీ ఇచ్చినంతే ఇచ్చారు. తగ్గించమని బతిమాలితే డ్యూటీ డాక్టర్ "నువ్వేం చదివినవ్ రా?" అన్నాడు. మూడో రోజుకు అమ్మ ఎలుకలాగే బిగుసుకుని ప్రాణం విడిచింది. తర్వాత నేను రక్తపరీక్ష చేయించుకుంటే, నా కాలేయమూ ఆ మందును అరిగించలేదని తేలింది.

"అరుదైన కేసు మజర్, ఆలోచించు" అని నా మెదడు అడిగింది సారే. ఇస్తున్నాను. కోసే చేతులు మీవే కావాలి. సీసా మీద నంబరు కాదు, నా పేరు రాయాలి. ఈ ఒక్కదాన్నీ లెక్కలోంచి తీసేయడానికి లేదు.

5. చెల్లెలు రుహీకి మిగతాదంతా. దీన్ని అమలు చేసేది కూడా తనే. సైకిల్‌కు బ్రేకులు వేయించాను. వాచీ పోగొట్టావని నిన్ను కొట్టాను కదా, అది నా జేబులోనే ఉండింది. సంచి అడుగున చూడు.

ఈ జబ్బు నీకు వస్తుందో రాదో సగం సగం. టెస్టు చేయించుకోవడం నీ ఇష్టం, ఎవడి మాటా వినకు. ఎవరైనా ఆ మందు రాస్తే మాత్రం ఈ కింది మాటలు చూపించు:

"ఈ మందును మజర్ కాలేయం అరిగించలేదు, రక్తపరీక్ష కాగితం జతచేశాము. అతని చెల్లెలు రుహీకి అదే పరీక్ష చేయకుండా మామూలు డోసు ఇవ్వకూడదు. ఆ నాలుగు ఎలుకలు అటెండర్ పొరపాటు వల్ల చావలేదు."

6. అటెండర్ రాసింది ఏ దవాఖానలోనూ చదవరు. కింద డాక్టర్ సంతకం ఉంటే చదువుతారు. సారు ప్రతి శనివారం ఎలుకల రిజిస్టర్ పేజీలన్నిటికీ ఒకేసారి సంతకం పెడతారు, చదవరు. ఆ నాలుగింటికి ఇచ్చింది సరైన డోసేనని నేను రాసిన పేజీ కిందా ఆయన సంతకం ఉంది. దాని నకలూ జతచేశాను. ఈ శనివారం కట్టలో ఈ కాగితం నాలుగోది.

హనుమకొండ, 22 నవంబర్ 2025, శనివారం.

(సంతకం) మజర్. వంకరగా ఉన్నా నాదే.

సాక్షులు: పైదంతా చదివి లేదా చదివించుకుని, నిజమని ఒప్పుకుని, మజర్ మా ముందు సంతకం చేయగా చూసి సంతకం చేశాము.

1. (సంతకం) డాక్టర్ శశాంక్. "జల్ది తే మజర్, మీటింగుంది" అని నిలబడే పెట్టారు.

2. (వేలిముద్ర) సోమక్క, ఎలుకల గది ఊడ్చే మనిషి. చదువు రాదు. రెండుసార్లు మొత్తం చదివించుకుని విన్నాకే వేలు ముంచింది.