గంట నాలుక

ఎగుమతి ప్రోత్సాహక సంస్థ అధికారి గారికి,

మేకల మెడలో కట్టే కంచు గంటలు పోత పోసేవాణ్ని. మీ చలవ వల్లే సముద్రం అవతల కొండల్లో మందలున్న ఒక ఆసామి ఐదు వందల గంటలు అడిగాడు. ఆ మేలు మరచిపోను.

మీరు చెప్పినట్టే నమూనాను ప్రమాణాల కార్యాలయానికి పంపాను. వాళ్ల జాబితాలో గంట అనే మాటే లేదట. గిన్నెలు, మూతల కింద జమకట్టి పరీక్షించి, "కదిలిస్తే శబ్దం వస్తోంది. లోపం సరిచేసి మళ్లీ పంపగలరు" అని రాశారు.

పరుగెత్తుకెళ్లి, "మోగకపోతే అది గంటెలా అవుతుంది సార్?" అని అడిగాను.

"అదంతా మాకెందుకండీ? ఈ గడిలో 'శబ్దం లేదు' అని పడితేనే సర్టిఫికెట్" అన్నాడు గుమాస్తా.

ఓడ బయల్దేరే రోజు ముంచుకొచ్చింది. మా ఆవిడ, "ఆ నాలుకలు పీకి పారెయ్యండి, పీడా పోతుంది" అంది. గంటల లోపల వేలాడే నాలుకలన్నీ ఊడదీశాను. మొదటి తరగతి సర్టిఫికెట్ వచ్చింది, సరుకు వెళ్లింది. నిన్న ఆసామి ఉత్తరం రాశాడు. పొగమంచులో పదకొండు మేకలు తప్పిపోయాయట.

నాలుకలు గోనెసంచిలో ఉన్నాయి. సర్టిఫికెట్ లేనిదే అవి ఓడెక్కవు. దయచేసి ప్రమాణాల కార్యాలయం జాబితాలో "గంట: మోగాలి" అని ఒక్క వరుస చేర్పించండి.

చిన్న ఎగుమతిదారులకు మీ రెండు కార్యాలయాలూ ఎలా సాయపడ్డాయో వచ్చే వారం సభలో మాట్లాడమన్నారు. తప్పక వస్తాను. నాలుకతో రావాలా, తీసేసి రావాలా? ముందుగా తెలియజేయగలరు.

ఇట్లు,
మొదటి తరగతి గంటల పనివాడు