కిష్టయ్య అడిగిన కుర్చీ

13 సెప్టెంబర్ 2011, మంగళవారం

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. మాదాపూర్‌లో నాన్న కట్టించిన బిల్డింగ్‌కి ఓ అద్దం పగిలింది. ఎవరు కొట్టారో తెలీదు.

నాన్న పోయాక ఆ బిల్డింగ్ కిరాయంతా గోపన్‌పల్లిలో నేను నడిపే కాన్పుల ఆసుపత్రికే పెడుతున్నాను. కూలిపనికి వచ్చిన ఆడవాళ్లకు అన్నీ ఉచితం. రెండేళ్లుగా నా బతుకు అదే. దాని మీదికీ వస్తారేమోనని సాయంత్రం పరుగెత్తాను. వాచ్‌మన్ కిష్టయ్య ఒక్కడే ఉన్నాడు. ఊళ్లో మా మీద ఎవరికైనా కోపముందా అని అడిగాను. గేటు వేసి వచ్చి చెప్పాడు.

"ఈ జాగ మాదే సార్. మా అయ్య మీ నాయనకు అమ్మిండు. ఇటు రోడ్డు వస్తదని మీ నాయనకు ఎరుక. మా అయ్యకు ఎరుక లేకుండె."

కోపంగా కూడా అనలేదు.

14 సెప్టెంబర్

ఫైళ్లు తీశాను. కాగితం మీద కిష్టయ్య తండ్రి వేలిముద్ర. అంతా లీగల్.

మా సొంతూరు ప్రొద్దుటూరు నుంచి అమ్మ ఫోన్. "మనకెందుకు నాయనా ఈ తిప్పలు? తాళమేసి వచ్చేయ్" అంటుంది.

16 సెప్టెంబర్

కిష్టయ్య నమస్తే పెడితే ఫోన్ వచ్చినట్టు నటించాను.

20 సెప్టెంబర్, ఉదయం 11

బస్సుల్లేవు. పేషెంట్లు నడిచే వస్తున్నారు. ఇక ఆగలేక కిష్టయ్యను లోపలికి పిలిచి, స్థలం తిరిగి రాసిస్తానన్నాను. కాళ్ల మీద పడతాడేమోనని భయపడ్డాను కూడా. ఎంత పొగరు నాది!

"వాపసిస్తే నేనేం జేస్త సార్? ఇంకో బిల్డర్‌కు అమ్ముకుంట. మా ఆడోళ్లు కాన్పుకు యాడికి పోవాలె? నాకు దానమొద్దు. మీరంత కూసొని మాట్లాడుకుంటరు గద, ఆడ నాకో కుర్చీ వెయ్యున్రి."

ఆసుపత్రి నడిపే ట్రస్టులో చేర్చుకోమంటున్నాడు. ఇవ్వడం నాకు తెలుసు. పక్కన కూర్చోబెట్టుకోవడం తెలీదు. సరేనన్నాను.

23 సెప్టెంబర్

ట్రస్టు మీటింగ్. నేను, మా ఆసుపత్రి డాక్టర్ జయలక్ష్మి, కిష్టయ్య, స్పీకర్ ఫోన్‌లో అమ్మ. ఆమె కూడా ట్రస్టీయే. ఎల్లుండి సమ్మె ఊరేగింపు మా రోడ్డు మీదుగానే వెళ్తుందట. సమ్మె అయ్యేదాకా ఆసుపత్రి మూసేద్దామన్నాను. పేషెంట్ల సేఫ్టీ అన్నాను. నిజానికి నా భయం.

"బంద్ అంటే కడుపుల పిల్ల ఆగుతదా సార్?" అన్నాడు కిష్టయ్య.

జయలక్ష్మిగారు అతని వైపే. తాళమేసి వచ్చేయమన్న అమ్మ కూడా ఫోన్‌లో "కాన్పు మాటైతే నిజమే కదా నాయనా" అంది.

నా ట్రస్టులో నేను ఓడిపోయాను.

25 సెప్టెంబర్

ఊరేగింపు వచ్చింది. ఎండ మండిపోతోంది. కొందరు నీళ్ల కోసం లోపలికి వచ్చారు. నేనే గ్లాసులు అందించాను. ఒకాయన తాగి, నా మాట తీరు విని, "ఏ ఊరన్నా మీది?" అని అడిగాడు.

ప్రొద్దుటూరు అన్నాను.

నన్నే చూశాడు. ఖాళీ గ్లాసు మళ్లీ నా ముందుకు చాపాడు.