దెయ్యాల తిరుపతిరావు

నందిగామ,
జూన్ 1979

ప్రియమైన వదినకు,

దశరథరామయ్య నమస్కారాలు. శుభవార్త! అన్నయ్య పోయిన మూడేళ్ళకి ఆయన దెయ్యాల నవలలన్నీ మళ్ళీ అచ్చేస్తామని బెజవాడ పబ్లిషరు కబురు పంపాడు. వారపత్రికలో పెద్ద వ్యాసం కూడా వచ్చింది. కోర్టులో జడ్జిగారే పిలిచి, "తిరుపతిరావుగారు మీ అన్నగారటగా!" అన్నారు. ఈసారి అట్టమీద మన ఇంటిపేరు కూడా వేయిద్దాం.

మీ మరిది,
దశరథరామయ్య

జగ్గయ్యపేట,
జూలై 1979

చిరంజీవి దశరథరామయ్యకు,

ఆశీస్సులు. ఆ ఇంటిపేరు తీయించింది నువ్వే కదా? "దెయ్యాల కథలకి మన ఇంటిపేరెందుకన్నయ్యా, ప్లీడర్లంతా నవ్వుతున్నారు" అన్నావు. ఆయన వెంటనే తీసేశారు. ఆయన నవలలు అద్దెకు తెచ్చుకుని అట్టలూడేదాకా చదివిన ఈ ఊరివాళ్ళు, ఆయన ఎదురుపడితే పుస్తకం సంచిలో దాచేవాళ్ళు. ఆయన పోతే పాడె మోయడానికి ఈ ఊళ్ళో ఎవరూ రాక, పక్కనున్న చిల్లకల్లు నుంచి మనుషుల్ని పిలిపించాం. ఇప్పుడు ఏ పేరు వేస్తే ఏం? నీ ఇష్టం.

మీ వదిన,
భారతీదేవి

నందిగామ,
జనవరి 1983

ప్రియమైన వదినకు,

ఇన్నాళ్ళూ ఉత్తరం లేదు. కోపం ఇంకా పోలేదా? అన్నయ్య కథ 'తలుపు' కాలేజీలో పాఠమైంది. చచ్చిపోయిన పిల్ల రోజూ వచ్చి తలుపు కొట్టడం, లోపలివాడు వింటూ కూడా తీయకపోవడం... చదువుతుంటే నాకే వణుకొచ్చింది. వచ్చే నెల ఇక్కడ సంస్మరణ సభ. నేనే అధ్యక్షుణ్ణి. ఆ కథలో అంత భయం ఆయనకు ఎక్కణ్ణించి వచ్చిందని హైదరాబాదు ప్రొఫెసర్లు అడుగుతున్నారు. తెలిస్తే రాయండి, సభలో చెప్తా. మీరు తప్పక రావాలి.

మీ
దశరథరామయ్య

జగ్గయ్యపేట,
ఫిబ్రవరి 1983

దశరథరామయ్యకు,

తెలుసు. రాస్తున్నా.

మీ అమ్మ పేరు పెట్టుకున్న మా బసవమ్మకు జ్వరంతో ఊపిరాడకపోతే బెజవాడ ఆసుపత్రికి బయల్దేరాం. బస్సు నందిగామలో చెడిపోయింది. నీ కారు కోసం మీ ఇంటికొచ్చాం. ఎంత కొట్టినా తలుపు తీయలేదు. "అయ్యగారు ఊళ్ళో లేరమ్మా" అని కిటికీలోంచి వంటమనిషి చెప్పింది. ఆ పూట మీ ఇంటికి పెద్ద ప్లీడర్లు విందుకొచ్చారని తర్వాత తెలిసింది. వాళ్ళకు ఈ అన్నను చూపించడం నీకు నామోషీ.

మేం వంటమనిషి మాట నమ్మామనే నువ్వు ఇన్నేళ్ళూ అనుకున్నావు. ఆమె ఆ మాట అంటుండగానే లోపల నువ్వు దగ్గావు. తమ్ముడి దగ్గు ఆయనకు తెలియదా? బస్టాండు చేరకుండానే పిల్ల ఆయన భుజంమీద పోయింది.

ఆయన నిన్ను ఒక్క మాట అనలేదు. నన్నూ అననివ్వలేదు. కర్మకాండలయ్యాక కూర్చుని ఆ కథ రాశారు.

సభకి వస్తున్నా. ఆ కథ నువ్వే చదవాలి. మధ్యలో ఆపకు.

బసవమ్మ తల్లి,
భారతీదేవి